ఓపెన్ టాప్ కారు... ఒళ్ళో చిన్నారి!

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. నేనింకా కాఫీ గ్లాసు కూడా చేత పట్టలేదు.

"మీరు సినిమా వాళ్ళ కార్ల కబుర్లు రాస్తూంటారు కదండీ. మా ఇంట్లోనూ ఓ సినిమా కారు వుంది. చిన్న సందేహం... టాప్ లేని రెండు సీట్ల కారులో మూడేళ్ళ పిల్లని ఎలా కూర్చోబెట్టాలి?"

మాట్లాడుతున్నది సూర్యారావుపేటలో ప్రాక్టీసు చేస్తున్న ఓ డాక్టరుగారు. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆయన దగ్గర వున్నది 1951 మోడల్ ఎమ్జీ టీడీ. ఎమ్జీ అనగానే బందరు రోడ్డు మీద కనిపించే కొత్త హెక్టర్ బండి అనుకునేరు! ఇది అసలు సిసలు మోరిస్ గ్యారేజెస్ వారి కారు. ఇంగ్లండులో ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1949 నుంచి 1953 దాకా తయారైన బాపతు. పొడుగాటి బానెట్టు, రెండు గుండ్రటి లైట్లు, పక్కన మెట్టు పలక, కావాలంటే ముందుకి వాలిపోయే అద్దం. చూస్తే నవనవలాడే హీరో దిగి వస్తాడేమోనని ఓ క్షణం ఎదురు చూస్తాం. చెన్నైలో ఓ పాత కుటుంబం దగ్గర కొని, రెండేళ్ళపాటు బాగుచేయించి, మెరూన్ రంగు వేయించారు.

దాన్ని కొన్నది డాక్టరుగారే అయినా, కోరిక మాత్రం వాళ్ళ నాన్నగారిది. పెద్దాయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. గుడివాడ పక్క పల్లెటూరు. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి, స్టూడియో గేట్ల ముందు నిలబడి, తారల కార్లు లోపలికి వెళ్తుంటే నంబర్లతో సహా గుర్తుపెట్టుకున్న మనిషి. సావిత్రిగారికి కారు నడపడమంటే ఎంత సరదానో నిన్న మొన్న చూసినట్టు చెబుతారు. ఆయన ముచ్చటల్లా ఒకటే... మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ టాప్ లేని కారులో సాయంత్రం పూట ప్రకాశం బ్యారేజీ మీదుగా అలా వెళ్ళి రావాలని.

కోడలుగారు వీల్లేదన్నారు. పాపకి చైల్డ్ సీటు వుంటే తప్ప కారు గేటు దాటకూడదన్నారు. డాక్టరుగారు ఇద్దరి మధ్యా ఇరుక్కుని నాకు ఫోను చేశారు. మెకానిక్కుని అడక్కుండా సినిమా విలేఖరిని అడగడమేమిటా అని నవ్వొచ్చింది కానీ, మర్నాడు వెళ్ళాను.

"ఏవయ్యా విలేఖరీ, మేమంతా ఒళ్ళో కూర్చుని పెరగలేదా? సినిమాల్లో చూళ్ళేదా?" అన్నారు పెద్దాయన, నేను కుర్చీలో కూర్చోకముందే.

సినిమాల్లో చూశాం. నిజమే. హీరో స్టీరింగు పట్టుకుని పక్కనున్న హీరోయిన్ కళ్ళలోకి చూస్తూ చరణం మొత్తం పాడేస్తాడు. రోడ్డు వైపు ఒక్కసారి కూడా చూడడు. వెనక చెట్లు, కొండలు పరుగెడుతూ వుంటాయి. పాఠకుల్లో చాలామందికి తెలిసిన రహస్యమే అయినా మళ్ళీ చెబుతాను. ఆ కారు అంగుళం కదిలేది కాదు! అప్పటి మద్రాసు స్టూడియోల్లో కారుని ఫ్లోరు మీద నిలబెట్టి, వెనకాల తెర కట్టి, ఆ తెర వెనక నుంచి ముందే తీసిపెట్టుకున్న రోడ్డు దృశ్యాన్ని ప్రొజెక్టరుతో వేసేవారు. బ్యాక్ ప్రొజెక్షన్ అంటే అదే. కారు కింద దుంగ పెట్టి ఇద్దరు కుర్రాళ్ళు ఊపుతూంటే గతుకుల రోడ్డు. పక్కన పెద్ద ఫ్యాను తిరుగుతూంటే హీరోయిన్ ముంగురులకి గాలి. బాలనటుడు ఎవరి ఒళ్ళో కూర్చున్నా, సీటు మీద నిలబడి చప్పట్లు కొట్టినా వాడికొచ్చిన ప్రమాదం ఏమీ లేదు. మనం హాల్లోంచి బయటికొచ్చి అదే పని రోడ్డు మీద చేశాం.

మనం అంటే ఎవరో కాదు, మా ఇంటివాళ్ళే. నాకప్పుడు ఆరేళ్ళు. గుడివాడ నుంచి బెజవాడకి కొత్త సినిమా చూడ్డానికి టాప్ తీసేసిన జీపులో బయల్దేరాం. ముందు సీట్లో మా బాబాయి, ఆయన ఒళ్ళో నేను. మా బాబాయి మామూలు మనిషి కాదు. డెబ్భై అయిదు కిలోల ధాన్యం బస్తాని ఒక్కడే భుజానికెత్తుకుని ఇంటికి మోసే మనిషి. నా నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. కంకిపాడు ఇవతల గేదె అడ్డం వచ్చింది. డ్రైవరు తప్పించబోయి, రోడ్డు దిగి తుమ్మచెట్టుకి కొట్టాడు. అప్పటికి జీపు పెద్ద వేగంలో కూడా లేదు. బాబాయి చేతుల్లోంచి నేను ఎలా జారిపోయానో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ముందద్దం చట్రానికి గడ్డం తగిలి ఏడు కుట్లు పడ్డాయి. ఇవాళ్టికీ ఆ గీత మీద గడ్డం మొలవదు. బాబాయి మాత్రం తన దెబ్బ సంగతి మర్చిపోయి, "పట్టుకున్నానే... పట్టుకున్నానే" అని ఆసుపత్రి వరండాలో చాలాసేపు అంటూనే వున్నాడట.

గడ్డం చూపించి ఈ కథ చెప్పాను. పెద్దాయన శ్రద్ధగా విని, "అది డ్రైవరు తప్పు" అన్నారు.

సరే, లెక్క చెబుతాను, విసుక్కోకండి. కారు గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నో గుద్దుకుని అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో లోపలున్న మనిషి తన బరువుకి పన్నెండు, పదమూడు రెట్ల బలంతో ముందుకి పోతాడు. పన్నెండు కిలోల పాప నూట యాభై కిలోలు... అంటే రెండు ధాన్యం బస్తాలు. అదే 50 కిలోమీటర్లయితే ఇరవై రెట్లు, మూడు బస్తాలకి పైమాట. అదీ ముందు చెప్పి, నెమ్మదిగా చేతికందించే బస్తాలు కావు, రెప్పపాటులో వచ్చిపడేవి. మా బాబాయి చేతుల్లో లోపం లేదు.

కాబట్టి ఒళ్ళో అన్న మాట వదిలేసి, డాక్టరుగారూ నేనూ కారు తీసుకుని ఆటోనగర్ వెళ్ళాం. లారీ బాడీ కట్టడంలో బెజవాడ ఆటోనగర్‌కి వున్న పేరు నేను కొత్తగా చెప్పేదేముంది! ఆయన ఆన్‌లైన్లో తెప్పించిన చైల్డ్ సీటు అట్టపెట్టెతో సహా వెనకాల ఇరుక్కుంది. వెనకాల అంటే సీటు కాదండోయ్, సామాన్లకి విడిచిన జానెడు సందు.

తల నెరిసిన మేస్త్రిగారొకాయన బయటికొచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు దండం పెట్టారు. తరవాత పని మొదలు.

సీటు పెట్టి చూశాం. అక్కడే మొదటి తగాదా. ఎమ్జీ టీడీలో కూర్చునే దిండ్లు రెండు వున్నా, వీపు ఆనే పలక మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే. పిల్ల సీటుకి తగ్గట్టు అటు జరిపితే డ్రైవరు వీపు కూడా కదులుతుంది. పైగా ఆ దిండు మెత్తగా, వెనక్కి వాలుగా వుంటుంది. దాని మీద పెట్టిన చైల్డ్ సీటు బోటు మీద బిందెలా వూగుతోంది. రెండోది, పాప తల ఎత్తు. సీటులో కూర్చుంటే తల ముందద్దం అంచుకి దాదాపు సమానంగా వస్తోంది. రాయి ఎగిరినా, పురుగు తగిలినా ముందు ఆ మొహానికే. మూడోది తలుపు. ఈ కార్ల తలుపులకి బందులు వెనక వైపు వుంటాయి. గొళ్ళెం సరిగ్గా పడకపోతే ఎదురుగాలే తలుపుని బార్లా తీసేస్తుంది!

ఇవన్నీ ఒక ఎత్తు. బెల్టు ఒక ఎత్తు. చైల్డ్ సీటు తనంతట తాను పిల్లని కాపాడదు. దాన్ని కారుకి కట్టేది బెల్టు. ఆ బెల్టుని పట్టుకునేది బోల్టు. బోల్టుని పట్టుకునేది కారు ఒంట్లోని ఇనుము. ఈ వరసలో ఎక్కడ తెగినా సీటుతో సహా పిల్ల ఎగురుతుంది. 1951లో కార్లకి మామూలుగా బెల్టులు వుండేవి కావు. మనం ఇప్పుడు వాడుతున్న మూడు చోట్ల పట్టుండే బెల్టుని వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించింది 1959లో. మన దేశంలో కొత్త కార్లకి ముందు సీటు బెల్టు తప్పనిసరి అయింది 1994లో.

"కొత్తగా బిగించలేమా మేస్త్రిగారూ?" అన్నారు డాక్టరుగారు.

మేస్త్రిగారు సుత్తి పిడితో సీటు వెనక పలక మీద కొట్టారు. డబ్ డబ్ అంది. "ఇనుమైతే ఖంగున మోగుద్దండి. ఇది కర్ర."

నిజంగానే కర్ర. ఆ కాలపు ఎమ్జీలకి కింద ఛాసిస్ ఉక్కుదే కానీ, పైన బాడీ అస్థిపంజరమంతా యాష్ అనే ఇంగ్లీషు కలప. దాని మీద పల్చటి రేకు తొడుగుతారు. "లారీ బాడీకి మేమూ కర్ర వాడతామండి. ధాన్యం వెయ్యండి, ఇటికలు వెయ్యండి, మోస్తది. కానీ ఒక్క బోల్టు పట్టుకుని గుంజితే కర్ర చీలిపోద్ది" అన్నారాయన. యూరపు నిబంధనల ప్రకారం బెల్టు పట్టుని పరీక్షించేటప్పుడు భుజం పట్టీనీ, నడుం పట్టీనీ చెరో 1350 కిలోల బలంతో లాగి చూస్తారు. డెబ్భై ఏళ్ళు దాటిన కలపలో దిగిన బోల్టు సంగతి వేరే చెప్పాలా!

ఛాసిస్‌కే బిగించవచ్చు కదా అంటారేమో. నడుం బెల్టు వరకూ అలా బిగించుకున్నవాళ్ళున్నారు. చిక్కంతా భుజం బెల్టుతో వస్తుంది. మామూలు కారులో ఆ బోల్టు తలుపు పక్క స్తంభంలో వుంటుంది. టాప్ లేని కారుకి స్తంభమేదీ? పట్టు భుజం కన్నా బాగా కిందికి పోతే, గుద్దుకున్నప్పుడు బెల్టు మనిషిని వెనక్కి పట్టడం మానేసి కిందికి అణిచేస్తుంది. ఆ దెబ్బ వెన్నెముకకి. ఇక ఉత్త నడుం బెల్టుతో బూస్టరు మీద కూర్చోబెడితే, బెల్టు పిల్ల కడుపులోకి దిగుతుంది. ఇది డాక్టరుగారికి నేను చెప్పక్కర్లేదు. "పేగులు" అని ఒక్క మాటన్నారు.

ఛాసిస్ నుంచి ఉక్కు చట్రం లేపి, సీటు వెనక రోల్ బార్ కట్టి, దానికి భుజం పట్టు ఇవ్వడం ఒక్కటే మార్గం. మేస్త్రిగారు చేయగలనన్నారు. చేస్తే ఆ కారు ఎమ్జీ అవుతుందో, మరోటవుతుందో! పైగా బోల్టు ఎంత బలానికి నిలుస్తుందో లాగి చూపించే యంత్రం ఆయన దగ్గర లేదు. "పాప కూచునే బండికి 'సరిపోద్దిలే' అని నేననలేనండి" అన్నారు. ఎన్నో ఇంటర్వ్యూలు చేశాను కానీ, తనకు రాని దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని తక్కువ చూశాను.

మీలో ఎవరికైనా ఇంతకన్నా కొత్త రెండు సీట్ల కారు వుంటే బెంగపడకండి, అన్నిటికీ ఇదే జాతకం కాదు. 1962 తరవాత వచ్చిన ఎమ్జీబీ లాంటి వాటికి బాడీ అంతా ఉక్కు. వాటిలో చాలావాటికి బెల్టు బోల్టులు పట్టే చోట్లు ఫ్యాక్టరీలోనే ఇచ్చారు. అలాంటి దాంట్లో కిందనున్న రేకు తుప్పు పట్టకుండా వుండాలి. ఉప్పుగాలి తగిలే బందరు వైపు వాళ్ళు ముందుగా చూసుకోవలసింది అదే. రేకు వెనక మందపాటి ప్లేటు, దానికి బెల్టుల కోసమే చేసిన గట్టి బోల్టు వుండాలి. బజార్లో దొరికిన బోల్టు పనికిరాదు. వీపు పలక ముందుకి మడిచేదైతే దానికి లాకు వుండాలి. లేకపోతే చైల్డ్ సీటు ముందుకి బోర్లా పడుతుంది. సీటు పైపట్టీని టాప్ మడిచే కమ్మీలకి మాత్రం కట్టకండి. అవి గుడ్డని మోయడానికే.

ఇంకో రకం కథ డల్లాస్‌లో వుంటున్న మా పిన్ని కొడుకుది. వాడి దగ్గర 1995 మోడల్ మాజ్దా మియాటా వుంది. అదీ రెండు సీట్లదే, అదీ టాప్ లేనిదే. బెల్టులు బ్రహ్మాండం. అయితే ఎదుట ఎయిర్‌బ్యాగు వుంది. చంటిపిల్లల సీటుని వెనక్కి తిప్పి పెట్టాలని అందరికీ తెలుసు. కొత్త యూరపు నిబంధన కనీసం పదిహేను నెలలు నిండేదాకా అలాగే వుంచమంటుంది. అలా వెనక్కి తిప్పిన సీటు ఎయిర్‌బ్యాగు ముందుంటే, ఆ సంచీ విచ్చుకున్న దెబ్బ నేరుగా పిల్ల తల వెనక పడుతుంది. 1990లలో అమెరికాలో చిన్న చిన్న గుద్దుళ్ళకే పసిపిల్లలు అలా పోయారు. అందుకే వెనక సీటు లేని కార్లవాళ్ళు అర్జీ పెట్టుకుంటే ఎయిర్‌బ్యాగు ఆపే స్విచ్చి పెట్టించుకోవడానికి అక్కడి ప్రభుత్వం 1998 నుంచి అనుమతి ఇచ్చింది. మియాటాలో తాళంచెవితో ఆపే స్విచ్చి 1999 మోడల్ నుంచి వచ్చింది. మావాడిది అంతకు ముందుది. పిల్లాడు పుట్టాక వాడు ఆ కారుని ఒంటరి సవారీకి మాత్రమే వుంచుకున్నాడు.

డాక్టరుగారి ఎమ్జీలో ఎయిర్‌బ్యాగు లేదు కాబట్టి ఆ ఒక్క భయం లేదు. డ్యాష్‌బోర్డు వుంది!

అసలు పిల్లల చోటు వెనక సీటు. హాలీవుడ్ తార జేన్ మాన్స్‌ఫీల్డ్ ఉదంతం తలచుకోండి. 1967 జూన్ 29 తెల్లవారుజామున ఆమె కారు ఓ లారీ వెనక భాగంలోకి దూసుకుపోయింది. ముందు సీట్లో వున్న ముగ్గురు పెద్దలూ అక్కడికక్కడే పోయారు. వెనక సీట్లో నిద్రపోతున్న ఆమె పిల్లలు ముగ్గురూ దెబ్బలతో బతికారు. వాళ్ళలో మూడేళ్ళ పిల్ల మరిస్కా హార్గిటే తరవాత పెద్దదై అమెరికా టీవీలో పేరు మోసిన నటి అయింది. రెండు సీట్ల కారులో ఆ వెనక సీటే లేదు.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షను ప్రకారం, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతోనో, చైల్డ్ సీటుతోనో కట్టకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా. స్కూటరు మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్టు, నడిపేవాళ్ళకి కలిపి కట్టే పట్టీలు కావాలనీ, 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో నియమం తెచ్చి, ఏడాది గడువిచ్చారు. ఏలూరు రోడ్డు మీద స్కూలు విడిచిపెట్టే వేళ నిలబడి ఎంతమంది పాటిస్తున్నారో చూడండి. నేను చూశాను, లెక్కపెట్టడానికి నాకు ఒక చేతి వేళ్ళు ఎక్కువయ్యాయి. మరో తిరకాసు... యాభై ఏళ్ళు దాటిన కారుని 2021 నియమాల కింద వింటేజిగా రిజిస్టరు చేయిస్తే, నంబరు ప్లేటు మీద 'వి ఏ' అక్షరాలు వస్తాయి కానీ, ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, మరమ్మతుకీ, పెట్రోలుకీ తప్ప రోజువారీ తిప్పడానికి లేదు. డాక్టరుగారు ఆ కాగితాలు పెట్టబోతున్నారు. షికారు ఆ జాబితాలో లేదు.

ఇవన్నీ ఇంటికొచ్చి చెప్పాం. పెద్దాయన చివరి బాణం తీశారు. "బెల్టు కట్టేసుకుని కాలవలో పడితేనో? ఊడదీసుకునే లోపల ప్రాణం పోదూ?"

డెల్టాలో పుట్టినవాళ్ళందరి మనసులో వుండే భయం ఇది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ... ఏ వూరికెళ్ళినా రోడ్డు పక్కన నీళ్ళే. నాకూ ఆ భయం వుంది. కానీ కాలవలో పడేముందు కారు గట్టునో, చెట్టునో, నీళ్ళనో గుద్దుకుంటుంది. ఆ దెబ్బకి తల పగిలి స్పృహ పోయినవాడు బెల్టు లేకపోయినా బయటికి రాలేడు. స్పృహలో వున్నవాడు బెల్టు మీట నొక్కగలడు. చైల్డ్ సీటు ఎర్ర మీట మాత్రం పిల్లల వేళ్ళకి లొంగనంత గట్టిగా వుంటుంది. దాన్ని పెద్దవాళ్ళే నొక్కాలి. అందుకని అది ఇంట్లో ప్రతివారికీ చీకట్లో కూడా చేతికందేలా అలవాటు కావాలి. ఎండాకాలం మరో జాగ్రత్త. మన బెజవాడ ఎండలో నిలిపిన టాప్ లేని కారులో ఆ మీట చుట్టూ వున్న ఇనుము తొడమీద వాత పెడుతుంది. గుడ్డ కప్పి వుంచాలి.

పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఆయనే, "హరికృష్ణ కూడా అంతే కదా..." అన్నారు.

ఆ పేరు నేనెత్తకూడదనుకున్నాను. ఎన్టీ రామారావుగారి చైతన్య రథాన్ని వూరూరా నడిపిన సారథి నందమూరి హరికృష్ణగారు. ఆ రథం వాళ్ళ వూరి మీదుగా వెళ్ళినప్పుడు పెద్దాయన రోడ్డు పక్కన నిలబడి చూశారట. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర కారు ప్రమాదంలో ఆయన పోయారు. కారు తనే నడుపుతున్నారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పగా పేపర్లన్నీ రాశాయి. స్టీరింగు మీద అంత అనుభవమున్న మనిషి.

"డ్రైవరు తప్పు అనడానికి లేదు" అన్నారు పెద్దాయన, తనలో తను అనుకున్నట్టుగా. ఒళ్ళో కూర్చోబెట్టుకునే మాట ఆ తరవాత ఎత్తలేదు.

చైల్డ్ సీటుని డాక్టరుగారి మామూలు కారు వెనక సీట్లో బిగించాం. కొనేటప్పుడు మన ఏఐఎస్ 072 గుర్తో, యూరపు వారి నారింజ రంగు లేబులో వుందేమో చూసుకోండి. బిగించాక సీటు అడుగు భాగాన్ని, బెల్టు దూరిన చోట పట్టుకుని అటూ ఇటూ లాగితే అంగుళానికి మించి కదలకూడదు. మాది మొదటిసారి మూడంగుళాలు కదిలింది. డాక్టరుగారు మోకాలితో సీటుని అదిమి, నేను బెల్టు లాగి, చెమటలు కక్కితే నాలుగోసారికి కుదిరింది. కోడలుగారు వచ్చి తనూ లాగి చూసి వెళ్ళారు.

మొన్న శనివారం అటువైపు పనుండి మళ్ళీ వెళ్ళాను. ఎమ్జీ పోర్టికోలో వుంది. హ్యాండ్ బ్రేకు వేసి వుంది, నాలుగు చక్రాలకీ ఇటుకలు పెట్టి వున్నాయి, తాళంచెవి డాక్టరుగారి జేబులో వుంది. పక్కన పెడస్టల్ ఫ్యాను హోరెత్తిపోతోంది. వెనక గోడకి ఎవరో కొండలూ చెట్లూ వున్న దుప్పటి కట్టారు. డ్రైవరు సీట్లో పాప, పక్కన తాతగారు నల్ల కళ్ళద్దాలతో. పనికుర్రాడు బంపరు పట్టుకుని వూపుతున్నాడు.

"స్టార్ట్... కెమెరా!" అన్నారు పెద్దాయన.

పాప స్టీరింగు అటూ ఇటూ తిప్పేస్తూ నా వైపు చూసి అరిచింది. "అంకుల్, పక్కకి జరగండి! బండొస్తోంది!"